రేడియో మూగబోయినప్పుడు: ఒక శిక్షణ తరగతిపై సమీక్ష

రేడియో సంబంధం తెగిపోతే పైలట్ ఏమి చేయాలో నేర్పే ఒకరోజు తరగతికి ఇటీవల హాజరయ్యాను. ట్రాన్స్‌పాండర్‌లో (విమానం నుంచి రాడార్‌కు గుర్తింపు సంకేతం పంపే పరికరంలో) 7600 అనే కోడ్ అమర్చితే రాడార్ తెరపై కంట్రోలరుకు విషయం తెలుస్తుందన్న సంగతిని త్వరగా ముగించి, విమానాశ్రయ కంట్రోల్ టవర్ నుంచి వచ్చే దీపపు సంకేతాలకే ఎక్కువ సమయం ఇవ్వడం నాకు ఎంతో నచ్చింది. గాలిలో ఉన్న విమానానికి ఆగకుండా వెలిగే ఆకుపచ్చ దీపం దిగడానికి అనుమతి కాగా, అదే రంగు ఆరి వెలుగుతుంటే దిగడం కోసం తిరిగి రమ్మని మాత్రమే అర్థమని, ఈ తేడా మరచిన విద్యార్థి అనుమతి లేకుండానే రన్‌వేపై దిగే ప్రమాదం ఉందని బోధకుడు ఎంతో ఓపికగా వివరించారు. సంకేతం అందిందని పగలైతే రెక్కలు ఊపి, రాత్రయితే ల్యాండింగ్ దీపాలను రెండుసార్లు వెలిగించి ఆర్పి తెలపాలి. అయితే అసలైన సిగ్నల్ దీపాన్ని ఎండలో, దూరం నుంచి చూపించకపోవడం పెద్ద లోటు. గదిలో తెరపై చూసిన వెలుగుతో కంటికి ఆ అలవాటు రాదు.