గ్వాటెమాలా కొండల్లో షేలా: దేనికి డబ్బు పెట్టొచ్చు, ఏది వదిలేయొచ్చు

గ్వాటెమాలా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువమంది ఆంటిగ్వా, అటిట్లాన్ సరస్సు చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. ఫోటోలకి అవే బాగుంటాయి, కాదనను. కానీ చేతిలో వారానికి మించి సెలవు ఉండి, కొండెక్కడానికి కాళ్ళు సహకరిస్తే ఇంకాస్త పడమరకి వెళ్ళి కెట్సల్టెనాంగోలో మకాం పెట్టండి. అంత పొడుగు పేరు అక్కడ పెద్దగా వినపడదు, అందరికీ అది షేలానే, బస్సుల మీద కూడా అదే రాసి ఉంటుంది. ఎత్తు 2,330 మీటర్లు, అంటే ఊటీ కంటే కాస్త ఎక్కువే. మేము హ్యూస్టన్ నుంచి నేను, మా ఆవిడ, మా బావమరిది కలిసి వెళ్ళాం. విమానం మూడు గంటలే, గ్వాటెమాలా సిటీ నుంచి షేలాకి రోడ్డు మీద పట్టే టైము దానికంటే ఎక్కువ.

ఊరు అందంగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. జోన్ 1లో (ఊరి పాత నడిబొడ్డు) పార్కు, దాని చుట్టూ పెద్ద పెద్ద స్తంభాల రాతి భవనాలు, అద్దాల పైకప్పుతో పసాహె ఎన్రీకెస్ అనే పాత షాపుల వరస, ముందు గోడ మాత్రమే పాతది మిగిలి వెనకంతా కొత్తగా కట్టిన చర్చి. సగం రోజులో అయిపోతాయి. 1838 నుంచి 1840 దాకా ఈ ప్రాంతం లోస్ ఆల్తోస్ అని విడి రాష్ట్రంగా ఉండేది, దానికి రాజధాని ఈ ఊరే, ఆ దర్జా పార్కు చుట్టూ ఇంకా కనపడుతుంది. అక్కణ్ణుంచి నాలుగు వీధులు దాటితే సిమెంటు, కేబుళ్ళు, డీజిల్ పొగ. బస్టాండు పక్కన మినర్వా గుడి అని గ్రీకు పద్ధతిలో కట్టినదొకటి ఉంది, ఎస్ట్రాడా కబ్రేరా అనే అధ్యక్షుడి కాలం నాటిది, దానికోసం విడిగా టాక్సీ కట్టుకోనక్కర్లేదు, చికబాల్ సరస్సు బస్సు కోసం ఎలాగూ అటే వెళ్తారు.

బస విషయానికొస్తే, మొదట పార్కుకి దగ్గర్లో ఒక హోటల్లో దిగాం. పాత కాలం ఇల్లు, మధ్యలో పూలకుండీల ముంగిలి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ గది గోడలు ఐసుగడ్డలు, కిటికీ కింద బారు, పైగా వేడినీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు. షేలాలో హీటర్లు ఉండవు, దాదాపు ఏ హోటలైనా అంతే, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. కాబట్టి గది తీసుకునే ముందు అడగాల్సింది వైఫై గురించి కాదు, దుప్పట్లు ఎన్ని ఇస్తారు, గదికి మధ్యాహ్నం ఎండ తగులుతుందా లేదా అని. తర్వాత ఒక స్పానిష్ స్కూలు ద్వారా ఒక కుటుంబం ఇంట్లోకి మారాం. ఈ ఊరికి ఇదే అసలు సౌకర్యం: రోజుకి నాలుగైదు గంటలు ఒక్కరికి ఒక్క టీచరు, ఇంట్లో గది, మూడు పూటలా భోజనం, అన్నీ కలిపి వారానికి ఇంత అని కడతాం. ఆంటిగ్వాలో కూడా ఇదే ఏర్పాటు ఉంది, కానీ అక్కడ వీధిలోకి రాగానే అందరూ ఇంగ్లీషులోకి దిగిపోతారు, ఇక్కడ ఆ అవకాశం తక్కువ, పైగా ఖర్చూ తక్కువే. షవర్ తలకాయకే కరెంటు హీటరు బిగించి ఉంటుంది, ధార సన్నగా పెడితేనే నీళ్ళు వేడిగా వస్తాయి, ఎక్కువ తిప్పామా చల్లబడిపోతాయి. పైన వైర్లు బయటికి కనపడుతుంటే మా ఆవిడ మొదటి రోజు స్నానమే మానేసింది.

శాకాహారులకి ఇబ్బందే, అయితే ఆకలితో ఉండాల్సిన పని లేదు. నల్ల చిక్కుడు గింజల ముద్ద, మొక్కజొన్న రొట్టెలు, వేయించిన అరటి, గుడ్లు, పచ్చి జున్ను ప్రతి చోటా దొరుకుతాయి. చిక్కుళ్ళలో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది, అందుకని మాంసం లేకుండా అంటే చాలదు, "సిన్ మంతేకా" (కొవ్వు లేకుండా) అని విడిగా అడగాలి. మా ఇంటావిడ అది విని ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత మా కోసం బెంగళూరు వంకాయ ఉడకబెట్టి ఉప్పు, నిమ్మరసంతో పెట్టింది. ఆ కాయ పుట్టినిల్లు ఈ ప్రాంతమే, గ్విస్కీల్ అంటారు. రోసా దె హమైకా అని ఎర్రటి పుల్లటి పానీయం ఇస్తారు, అది ఎర్ర గోంగూర మొక్కకి కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి మరిగించింది, ఆకు వండుకోవడం మాత్రం నాకెక్కడా కనపడలేదు. కాఫీ బ్రహ్మాండం. ఏలకులు ప్రపంచంలోనే అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో ఇదొకటి, అయినా నేను తాగిన ఏ టీలోనూ ఏలకు జాడ లేదు, అంతా బయటికే పోతుంది.

ఇక అసలు సంగతి. సాంటా మారియా అగ్నిపర్వతం ఊరి నడిబొడ్డు నుంచి కూడా కనపడుతుంది, సరిగ్గా గీసినట్టు కోసుగా, 3,772 మీటర్లు. 1902లో ఇది పేలినప్పుడు వేలమంది పోయారు, 20వ శతాబ్దపు అతి పెద్ద పేలుళ్ళలో దాన్నీ లెక్కేస్తారు. ఆ దెబ్బకి కొండ పక్కన పడ్డ గుంటలో 1922 నుంచి సాంటియాగిటో అనే పిల్ల అగ్నిపర్వతం లేస్తోంది, ఇప్పటికీ బూడిద కక్కుతూనే ఉంది. సాంటా మారియా ఎక్కేది దాన్ని పైనుంచి చూడ్డానికే. యానోస్ దెల్ పినాల్ అనే పల్లె నుంచి నడక, దాదాపు 1,200 మీటర్లు నిలువుగా ఎక్కాలి, మామూలు మనిషికి నాలుగైదు గంటలు. సూర్యోదయం కోసం అర్ధరాత్రి బయల్దేరతారు. ఇక్కడ గైడుకి డబ్బు పెట్టండి, బేరాలాడకండి: చీకట్లో దారి చీలికలు తెలియవు, గతంలో ఆ దారిలో దోపిడీలు కూడా జరిగాయి. క్వెట్సల్‌ట్రెక్కర్స్ అని వాలంటీర్లు నడిపే సంస్థ ఉంది, వచ్చే డబ్బు పేద పిల్లల బడికి పోతుంది, మధ్య అమెరికాలోకెల్లా ఎత్తయిన తహుముల్కో (4,220 మీటర్లు) కూడా వాళ్ళు తీసుకెళ్తారు. మా బావమరిది రెండో గంట నుంచే "బావా, ఇంకెంత దూరం?" మొదలుపెట్టాడు, గైడు ప్రతిసారీ "ఇంకో అరగంట" అనే చెప్పాడు. పైకి చేరేసరికి అక్కడ కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటున్న కుటుంబాలు, మాకంటే ముందే ఎక్కేశారు, అందులో ముసలమ్మలు కూడా. కింద సాంటియాగిటో ఉన్నట్టుండి బూడిద మబ్బుని పైకి ఊదింది, శబ్దం కాసేపటికి గానీ మా దాకా రాలేదు.

చికబాల్ సరస్సుకి గైడు లేకపోయినా ఫరవాలేదు. మినర్వా బస్టాండు నుంచి శాన్ మార్టిన్ వెళ్ళే బస్సెక్కి, దిగి, గంటన్నర రెండు గంటలు పైకి నడవాలి. అగ్నిపర్వతం నోట్లో నిండిన నీళ్ళు, మామ్ అనే మాయా తెగ వాళ్ళకి పవిత్రమైన చోటు, ఈతకి దిగనివ్వరు, ఒడ్డున పూలు, ధూపం కనపడతాయి. మధ్యాహ్నానికల్లా పొగమంచు కమ్మేస్తుంది, తెల్లవారుజాము బస్సు పట్టుకోలేకపోతే వెళ్ళడం దండగ. వందల మెట్లు దిగాలి, మళ్ళీ అవే ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనున్న వ్యూపాయింటుతో సరిపెట్టుకోండి.

కొండ ఎక్కిన మర్నాడు ఫ్వెంతెస్ హెయోర్హీనాస్ వేడినీటి గుండాలకి పోవాలి. సునీల్ అనే ఊరు (నిజంగానే అలా పలుకుతారు) దాటి పైకి వెళ్తే, ఆకుపచ్చ కొండగోడ, దాన్నిండా ఫెర్న్ మొక్కలు, కింద గంధకం వాసనతో పొగలు కక్కే నీళ్ళు. శని, ఆదివారాలు అసలు వద్దు, స్థానికులు కుటుంబాలతో వస్తారు, కాలు పెట్టే చోటుండదు. అక్కడే పొయ్యి ఉన్న చిన్న కాటేజీలుంటాయి, అందులో ఒక రాత్రి ఉంటే జనం పోయాక గుండం దాదాపు మీదే, షేలా మొత్తంలో వెచ్చగా నిద్రపోయింది మేమక్కడే. షటిల్ వ్యాన్ మాత్రం మాకు నచ్చలేదు, అక్కడ గడిపేది రెండు గంటలు అని తొందరపెట్టి, తిరుగు దారిలో ఎవరూ అడగని బట్టల కొట్టు ముందు ఆపాడు. దానికంటే సునీల్ దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి పికప్ ట్రక్కు మాట్లాడుకోవడం నయం, వెనక నిలబడి కొండ చూస్తూ వెళ్ళొచ్చు. దారిలోనే అల్మోలోంగా, అక్కడి క్యారెట్లు మోచేతి పొడవు ఉంటాయి. సునీల్‌లో సాన్ సిమోన్ అనే టోపీ పెట్టుకున్న బొమ్మకి సిగరెట్లు, మందు మొక్కుతారు, ఏటా వేరే ఇంటికి మారుతుంది, ఫోటోకి విడిగా డబ్బులు. పోతురాజుకి కల్లు పోయడం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు.

బస్సులంటే అమెరికాలో రిటైరైన స్కూలు బస్సులు, రంగులేసి హారన్లు మార్చినవి. ఇద్దరి సీటులో ముగ్గురు, బ్యాగు పైకప్పు మీద. చుట్టుపక్కల ఊళ్ళకి ఇవే చాలు, శుక్రవారం శాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్టో సంతకి కూడా (కొండ పైన పశువుల సంత వదలకండి, కింద జేబు జాగ్రత్త). కానీ రాజధాని గ్వాటెమాలా సిటీ నుంచి షేలాకి వీటిలో వద్దు. మధ్యలో అలాస్కా అనే మలుపు దగ్గర రోడ్డు 3,000 మీటర్లకి ఎక్కుతుంది, డ్రైవర్లు అక్కడ కూడా ఓవర్‌టేక్ చేస్తారు. రిజర్వు సీట్ల పెద్ద బస్సు తీసుకోండి, కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర వేసుకోండి.

నవంబరు నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్ళండి, మిగతా నెలల్లో మధ్యాహ్నం వాన ఖాయం, సాంటా మారియా పైన మబ్బు తప్ప ఏమీ కనపడకపోవచ్చు. ఫ్లైటు ఉన్న రోజే షేలా నుంచి బయల్దేరొద్దు. ఆ హైవే మీద కొండచరియలు, అంతకంటే ఎక్కువగా ధర్నాలతో రోడ్డు మూసేయడాలు మామూలే, ముందురోజు రాత్రికే ఆంటిగ్వాకో రాజధానికో చేరుకుంటే ఆ టెన్షన్ ఉండదు.