పంటి మీది గీతలా, పంటిలోని కార్బనా?

1959లో టాంజానియాలోని ఓల్డువాయ్‌లో శిలాజాలు వెతికే శాస్త్రవేత్త మేరీ లీకీకి దొరికిన, మనిషికి దగ్గరి బంధువైన ఒక అంతరించిన జాతి పుర్రెకు దవడ పళ్లు చాలా పెద్దవి. గట్టి కాయలు పగలగొట్టి తినేవాడనుకుని ‘నట్‌క్రాకర్ మ్యాన్’ అన్నారు. నిజంగా ఏం తిన్నాడో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, పంటి అరుగుదలను మైక్రోస్కోపులో చూడటం. గట్టివి కొరికితే గుంటలు పడాలి. ఈ జాతి పళ్ల మీద సన్నని గీతలే కనిపించాయి. కానీ అవి చనిపోయే ముందు కొద్ది రోజుల తిండి గుర్తులే.

రెండోది ఎనామిల్‌లోని, అంటే పంటి గట్టి పైపొరలోని కార్బన్. తిరుపతిలో మా వంటింట్లో సంగటీ అన్నమూ రెండూ ఉంటాయి కాబట్టి నాకు ఇది తేలిగ్గా అర్థమైంది. రాగి, వరి గాలిలోని కార్బన్‌ను వేర్వేరు పద్ధతుల్లో తీసుకుంటాయి. సంగటి తిని పెరిగిన బిడ్డ పంటిలో, అన్నం తిని పెరిగిన బిడ్డ పంటిలో ఆ తేడా నిలిచిపోతుంది. లక్షల ఏళ్లయినా చెరగదు. ఆ జాతి తిండిలో సగటున 77 శాతం గడ్డి, తుంగలాంటి రాగి తరహా మొక్కల నుంచే వచ్చిందని 2011లో తేలింది.

దీనికి అపురూపమైన పంటిని కొంచెం గీకాలి, అది బాధే. గడ్డి తిన్నాడా, గడ్డి మేసిన జంతువును తిన్నాడా అన్నది కూడా ఇదొక్కటే చెప్పలేదు, అక్కడ గీతలు కావాలి. అయినా ఒకటే ఎంచుకోమంటే నేను కార్బన్‌నే నమ్ముతాను. అది చివరి నాలుగు పూటలది కాదు, చిన్నప్పటి ఏళ్ల తిండి లెక్క.