కాంతి పడితేనే పనిచేసే మందు: లోహం ఉన్నది మేలా, లేనిది మేలా?

మందు ఒంట్లోకి వెళ్తుంది, ఊరికే ఉంటుంది. కణితి మీద లేజర్ వెలుతురు వేసినప్పుడే అక్కడున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ పక్కనున్న కణాలను చంపేస్తుంది. ఫొటోడైనమిక్ థెరపీ అంటే ఇదే. ఈ మందుల్లో లోహం కలిపినవి వచ్చాక ‘ఏది మేలు’ అనే ప్రశ్న మొదలైంది. నేనైతే లోహం పేరు చూసే ముందు రెండు సంగతులు చూస్తాను: దానికి కావలసిన వెలుతురు ఎంత లోతుకు దిగుతుంది, మందు ఒంట్లో ఎన్నాళ్లు ఉంటుంది.

పాత మందు ఫొటోఫ్రిన్‌లో లోహం లేదు. 1993లో కెనడా, 1995లో అమెరికా అనుమతించాయి. దీనికి 630 నానోమీటర్ల ఎర్ర వెలుతురు కావాలి. అది కండలో సుమారు అర సెంటీమీటరు దిగుతుంది. అసలు ఇబ్బంది చికిత్స అయ్యాక మొదలవుతుంది. మందు చర్మంలో నిలిచిపోతుంది కాబట్టి కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. మన మే నెలలో కిటికీలు కూడా మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి!

పల్లాడియం అనే లోహం ఉన్న మందు ఇక్కడ నెగ్గింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన పాడెలిపోర్ఫిన్, ఒక రకం బ్యాక్టీరియాలోని పత్రహరితం నుంచి వచ్చింది. అందులో మెగ్నీషియం తీసి పల్లాడియం పెట్టారు. 753 నానోమీటర్ల వెలుతురు ఇంకా లోతుకు వెళ్తుంది, మందు కొన్ని గంటల్లోనే రక్తం నుంచి పోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో ఉన్న 413 మంది మీద పరీక్షిస్తే, రెండేళ్ల తర్వాత బయాప్సీలో క్యాన్సర్ కనిపించనివారు చికిత్స పొందినవారిలో 49 శాతం, ఊరికే గమనిస్తూ ఉంచినవారిలో 14 శాతం. యూరప్ 2017లో అనుమతించింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) సలహా సంఘం మాత్రం 2020లో ఒప్పుకోలేదు. అంత నెమ్మదిగా పెరిగే క్యాన్సర్‌కు అసలు చికిత్స అవసరమా అన్న అనుమానం నాకూ ఉంది.

రుథీనియం అనే మరో లోహం ఉన్న మందు టీఎల్‌డీ-1433 కెనడాలో మూత్రాశయ క్యాన్సర్ మీద పరీక్షల్లో ఉంది. ఇది పచ్చ వెలుతురుతో పనిచేస్తుంది. పచ్చ వెలుతురు ఎక్కువ లోతుకు పోదు కదా, లోపమే అనుకుంటాం. కానీ లోపలి పొరలోనే ఉన్న కణితికి అదే కావాలి, కింది కండరం చెడదు. మందును కూడా రక్తంలోకి ఎక్కించకుండా గొట్టంతో నేరుగా మూత్రాశయంలోకి పంపుతారు. అక్కడ నా ఓటు దీనికే.

ఇంతకీ లోహం ఎందుకు? వెలుతురు తాకగానే అణువుకు వచ్చిన శక్తి క్షణంలో చల్లారితే ఆక్సిజన్‌కు ఏమీ అందదు. పల్లాడియం, రుథీనియం వంటి బరువైన లోహాలు ఆ శక్తిని కాస్త ఎక్కువసేపు నిలిచే స్థితిలోకి మళ్లిస్తాయి. ఇనుము, రాగి అలా కాదు, చల్లార్చేస్తాయి. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే అణువు మధ్యలో ఇనుము ఉంది కాబట్టే ఎండలో తిరగగలుగుతున్నాం. ఇనుము ఇంకా చేరని హీమ్‌ను ప్రోటోపోర్ఫిరిన్ అంటారు; అది ఒంట్లో పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు ఉన్నవారికి కొద్దిపాటి ఎండకే చర్మం భగ్గున మండుతుంది.

ఇదే పద్ధతిలో, రోగులకు ఎక్కించే రక్తంలోని వైరస్‌లనూ వెలుతురుతో చంపవచ్చు. అక్కడ లెక్క తిరగబడుతుంది. దాతల ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) శుభ్రం చేయడానికి యూరప్‌లో 1990ల నుంచి వాడుతున్నది మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు. లోహం లేదు, చవక, మిగిలిన రంగును వడకట్టేయవచ్చు. రోగికి ఎక్కించే ద్రవం కాబట్టి అందులో ఏం మిగులుతుందన్నదే పెద్ద ప్రశ్న. ఇదీ లోపం లేనిది కాదు: హెపటైటిస్-ఎ లాంటి కొవ్వు పొర లేని వైరస్‌ల మీద బలం తక్కువ, గడ్డకట్టే ప్రోటీన్లూ కొంత పోతాయి. అలెర్జీల కారణంగా ఫ్రాన్స్ 2012లో మానేసింది. అయినా ప్లాస్మాకు ఇదే నయం.

ఎర్ర రక్తకణాలకు మాత్రం వెలుతురు దారి కష్టం, ఎరుపే దాన్ని తాగేస్తుంది. న్యూయార్క్ బ్లడ్ సెంటర్ వాళ్లు 1990ల్లో అల్యూమినియం ఉన్న థాలోసయనిన్ అనే రంగును ప్రయత్నించారు. పెయింట్లలోని నీలిరంగుకు ఇది చుట్టమే, కాకపోతే ఆ పెయింటు రంగులో రాగి ఉంటుంది కాబట్టి అది ఇక్కడ పనికిరాదు. హిమోగ్లోబిన్ పెద్దగా పీల్చని ఎర్ర వెలుతురుతో వైరస్‌లు చచ్చాయి. కానీ కణాల పొర కూడా దెబ్బతింది.