పొఖరా నుంచి ముక్తినాథ్ దాకా బైకు మీద: దారి, బస, తిండి

నేపాల్‌లోని పొఖరాలో తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడేలోపు ముక్తినాథ్ గుడి కింద ఉన్న రాణిపౌవా ఊరు చేరిపోవాలని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ లెక్క పనికిరాదు. పొఖరా 820 మీటర్ల ఎత్తులో ఉంటే రాణిపౌవా 3,700 మీటర్ల దగ్గర ఉంటుంది. ఒక్క రోజులో అంత ఎత్తు ఎక్కితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలే. దానికి తోడు గాలి. అన్నపూర్ణ (8,091 మీ.), ధౌలగిరి (8,167 మీ.) శిఖరాల నడుమ కాళీ గండకి లోయ సన్నగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ ఉత్తరాన ముస్తాంగ్ ఎడారి నేల వేడెక్కి, దక్షిణపు గాలిని ఈ లోయ గుండా లాక్కుంటుంది. ఉదయం పది, పదకొండుకు మొదలై సాయంత్రం దాకా ఆగదు. ఈ లోయలోని జోమ్‌సోమ్ ఊరికి విమానాలు పొద్దున్నే తిరగడానికి కారణం ఇదే. కాబట్టి దారిలోని ఘాసా ఊరు దాటాక ఆరింటికి బండి తీసి పదకొండుకల్లా దిగిపోవాలి. మధ్యాహ్నాలు ఊళ్లకు, తిండికి మిగులుతాయి. ఈ యాత్రలో అసలు సుఖం అక్కడే ఉంది.

పొఖరా నుంచి బేని 80 కి.మీ. బేని నుంచి జోమ్‌సోమ్ 75 పైచిలుకు, అయినా అలసట అంతా ఈ రెండో ముక్కలోనే. తాతోపాని, ఘాసా మధ్య కొండ కోసి రోడ్డు వెడల్పు చేసే పనులు, పైనుంచి జారే రాళ్లు, రోడ్డు మీదుగా పారే వాగులు. రూప్సే జలపాతం దగ్గర తడి, బురద ఉంటాయి. వాగు దాటేటప్పుడు ముందు వెళ్లిన జీపు చక్రాల జాడ పట్టుకోండి. మొదటి గేరులో, క్లచ్ సగంలో ఆపకుండా, సమంగా యాక్సిలరేటర్ ఇస్తూ పొండి. మధ్యలో బ్రేకు పట్టడం వల్లే ఎక్కువమంది పడతారు. మంచు కరిగిన నీళ్లు మధ్యాహ్నానికి పెరుగుతాయి, అందుకూ పొద్దునే మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు వద్దు. అక్టోబరు, నవంబరు మేలు, తర్వాత మార్చి, ఏప్రిల్.

బండి 150 నుంచి 200 సీసీ ఉన్నా చాలు, కానీ కిందిభాగం ఎత్తుగా ఉండాలి. కార్బురేటర్ బండి పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడి పెట్రోలు పాలు ఎక్కువై నీరసిస్తుంది. ఇంజెక్షన్ బండికి ఆ ఇబ్బంది తక్కువ. క్లచ్ వైరు, బ్రేకు, క్లచ్ లీవర్లు, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, చిన్న పంపు, స్పార్క్ ప్లగ్గు, చైన్ ఆయిల్ వెంట ఉండాలి. బేని దాటాక పేరున్న విడిభాగం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు, ట్యాంకు కూడా అక్కడే నింపండి. రాతి దారిలో టైరు గాలి మూడు, నాలుగు పీఎస్ఐ తగ్గిస్తే పట్టు బాగుంటుంది. అంతకంటే తగ్గిస్తే మొనదేలిన రాయి మీద రిమ్ము సొట్టపోతుంది. జోమ్‌సోమ్ పైన ధూళి పిండిలా ఉంటుంది. రోజూ సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ విప్పి దులపండి. వాగు ఇసుక బ్రేకు ప్యాడ్లను అరగదీస్తుంది, సగం అరిగినవాటితో బయల్దేరకండి.

బస విషయంలో మా తీర్పు సూటిగా చెప్తాం. మొదటి రాత్రి తాతోపాని (1,190 మీ.). వేడినీటి గుండంలో నడుం నానబెట్టుకోవచ్చు. రెండో రాత్రి మార్ఫా (2,670 మీ.). జోమ్‌సోమ్‌లో బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు, విమానాశ్రయం ఉన్నాయి, ఉండాలనిపించే ఊరు కాదు. దానికి కాస్త ముందే ఉన్న మార్ఫా సున్నం వేసిన ఇళ్లు, రాతిపలకలు పరిచిన సందులతో గాలికి చాటుగా ఉంటుంది. పలకల కింద కాలువ పారుతుంది. బండి ఊరి బయటి రోడ్డు మీదే ఆపి నడిచి లోపలికి వెళ్లండి. 1966లో ఇక్కడ ఉద్యాన క్షేత్రం పెట్టాక ఆపిల్ తోటలు లోయంతా పాకాయి. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు జేబులో వేసుకుంటే దారంతా పనికొస్తాయి. ఆపిల్ బ్రాందీ రాత్రికే, తెల్లారి బండి ఉందంటే కొద్దిగానే. నేపాల్ పోలీసులు తాగి నడిపేవాళ్లను ఏమాత్రం ఉపేక్షించరు.

ఇక్కడి థకాలీలు ఒకప్పుడు టిబెట్ ఉప్పుకు, దక్షిణపు ధాన్యానికి మధ్య వ్యాపారం నడిపినవాళ్లు. దారిన పోయేవాళ్లకు అన్నం పెట్టడం వాళ్లకు తరాల విద్య. కంచు పళ్లెంలో అన్నం లేదా ఢిండో (గోధుమ రంగులో ఉండే, బక్‌వీట్ అనే గింజల పిండితో చేసిన, మన రాగి సంగటిని గుర్తుచేసే ముద్ద), ఇనుప గిన్నెలో ఉడికిన పొట్టు మినపప్పు, ఆకుకూర, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుల గుంద్రుక్, తిమూర్ (మిరియాల్లాంటి కొండ గింజ) నూరిన పచ్చడి వస్తాయి. పప్పు తాలింపులో నెయ్యి కాగాక జింబు వేస్తారు. ఇది ముస్తాంగ్‌లో దొరికే ఉల్లి జాతి ఆకు, ఎండినది. గోధుమరంగుకు తిరగగానే పప్పులో పోసి మూత పెడతారు, నల్లబడితే చేదెక్కుతుంది. తిమూర్ కారం కాదు, నాలుక జివ్వుమని కాసేపు మొద్దుబారుతుంది, కాబట్టి మొదట వేలికొన మీద రుచి చూడండి. అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, మాంసం ఒక్కసారే. శాకాహారులకు ఏ ఇబ్బందీ లేదు. అడిగాకే వండుతారు గనుక గంట పడుతుంది, అయిదింటికే చెప్పేయండి. ఇంకో మర్యాద ఉంది. లాడ్జీలో గది అద్దె తక్కువ పెట్టేది తిండి అక్కడే తింటారని. గది తీసుకుని భోజనం పక్కింట్లో చేస్తే వాళ్లకు కష్టంగా ఉంటుంది.

మూడో రాత్రి కాగ్‌బేని (2,800 మీ.). మట్టి ఇళ్ల కింద సొరంగాల్లాంటి సందులు, ఊరి వాకిట్లో కాపలా మట్టిబొమ్మలు, 1429లో వెలసిన బౌద్ధ మఠం ఉన్నాయి. నదుల సంగమం దగ్గర హిందువులు పితృదేవతలకు పిండాలు పెడతారు. ఇక్కడి నుంచి పొద్దున్నే ముక్తినాథ్ వెళ్లి వచ్చేస్తే, ఎత్తులో పడుకునే బాధ తప్పుతుంది. రాణిపౌవాలో బండి పెట్టి గుడికి మెట్లెక్కాలి, నెమ్మదిగా. 108 ధారల నీళ్లు చలికాలంలో ఎముకలు కొరుకుతాయి, తలతుడుచుకునే గుడ్డ, మార్చుకునే బట్టలు ఉండాలి. వైష్ణవులకు ఇది 108 దివ్యదేశాల్లోని సాలగ్రామం. పక్కనే జ్వాలామాయి గుడిలో భూమిలోంచి వచ్చే వాయువుతో మంట వెలుగుతుంది. గుడుల సేవలో బౌద్ధ సన్యాసినులుంటారు, నమస్కరించి కానుక పెట్టండి. కాగ్‌బేని ఉత్తరాన, ఎగువ ముస్తాంగ్‌లోని ‘లో మంథాంగ్’ ఊరి వైపు వెళ్లాలంటే భారతీయులకూ ప్రత్యేక అనుమతి కావాలి.

కాగితాల సంగతి. సొంత బండితో సునౌలీ దగ్గర సరిహద్దు దాటితే ముందు భన్సార్ (కస్టమ్స్) చీటీ, తర్వాత రవాణా అనుమతి తీసుకోవాలి. ఆర్‌సీ, లైసెన్సు అసలువి, గుర్తింపుకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు పెట్టుకోండి. మన బీమాను నేపాల్‌కు పొడిగించమని బయల్దేరే ముందే కంపెనీని అడగాలి. అన్నపూర్ణ రక్షిత ప్రాంత అనుమతి పొఖరాలో దొరుకుతుంది, సార్క్ దేశాలవారికి 1,000 నేపాలీ రూపాయలు. మన వంద రూపాయలకు వాళ్లవి 160. పొఖరాలో యూపీఐ పనిచేసే దుకాణాలున్నా పైన నగదే నమ్మకం, వంద రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్‌కు నేపాల్ టెలికాం సిమ్ మేలు. భన్సార్‌కు మాత్రం లెక్కకంటే రెండు రోజులు ఎక్కువే కట్టండి. రూప్సే దగ్గర కొండ జారి దారి మూసుకుపోతే ఒక రోజు పోతుంది, గడువు దాటితే పడే జరిమానా ఆ రెండు రోజుల రుసుం కంటే ఎక్కువ.