నాలుగంకెల తెర ముందు నా సాయంత్రాలు

ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్ 7. 1979 నాటి చదరంగం ఆడే యంత్రం. లోపల జెడ్80 ప్రాసెసర్, ప్రోగ్రామంతా 4 కిలోబైట్లలో! ఇప్పుడు ఒక చిన్న ఫొటో కూడా అంతలో పట్టదు. అంత ఇరుకులో చదరంగం నియమాలు, ఎత్తులు వెతికే పద్ధతి అన్నీ ఇమిడ్చిన రాన్ నెల్సన్ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలి.

బల్లకు స్పర్శ తెలియదు. మీరు ఈ2, ఈ4 అని పావు ఉన్న గడి, వెళ్లే గడి పేర్లు మీటలతో నొక్కాలి, ఎర్రని అంకెల్లో అది జవాబిస్తుంది, దాని పావునూ మీరే జరపాలి. మొదట విసుగనిపించింది. వారం తిరిగేసరికి అదే నచ్చింది: చేత్తో జరిపిన ప్రతి ఎత్తూ మనసులో నిలుస్తోంది.

మొత్తం ఏడు స్థాయులు. కింది స్థాయుల్లో క్షణాల్లో ఆడేస్తుంది, పై స్థాయుల్లో మాత్రం ఓపిక కావాలి. మంత్రిని ఉచ్చులోకి లాగే ఎత్తుల్ని బాగానే పసిగడుతుంది. బంట్లు మిగిలిన ముగింపు ఆటలో మాత్రం దారి తప్పుతుంది, నా గెలుపులన్నీ అక్కడివే.

యంత్రం ఓడినప్పుడు "ఐ లూజ్" (నేను ఓడాను) దీపం వెలుగుతుంది. మొదటిసారి దాన్ని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గట్టి ప్రత్యర్థి కావాలంటే రిచర్డ్ లాంగ్ ప్రోగ్రాములు రాసిన మెఫిస్టో చదరంగ యంత్రాలు వెతకండి. నేర్చుకునేవాళ్లకు మాత్రం నేను ఇదే చెబుతాను.