బ్రష్ కట్టర్ ఇంజిను పట్టేస్తే ఏది మేలు? పిస్టనా, బ్లాక్ కిట్టా, కొత్త మిషనా?

తొలకరి పడి గట్ల మీద తుంగ, గరిక లేచాయంటే చాలు, గడ్డి కోసే మిషను బ్రష్ కట్టర్ గురించి ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "ఆయ్, ప్లగ్గు మార్చానండి, కార్బ్యురేటర్ కడిగించానండి, అయినా స్టార్ట్ అవ్వట్లేదు. ఇంజిను పోయిందంటున్నాడు మెకానిక్. పిస్టన్ ఒక్కటే వేయించమంటారా, బ్లాక్ కిట్ మార్పించమంటారా, మిషనే మార్చేయమంటారా?" భీమవరం వైపు చేపల చెరువుల వాళ్లయినా, కోనసీమ కొబ్బరి తోటల వాళ్లయినా అడిగేది ఇదే.

బ్లాక్ కిట్ అంటే బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండరు), పిస్టన్, రింగు కలిపి వచ్చే సెట్టు. ధర చూసి తేల్చే విషయం కాదిది. ఇంజిను ఎందుకు పోయిందో ముందు తెలియాలి. అది తెలియకుండా కొత్త బ్లాకు వేయిస్తే అదీ అలాగే పోతుంది.

ముందు నిజంగా పట్టేసిందో లేదో, అంటే పిస్టన్ బ్లాకులో ఇరుక్కుపోయిందో లేదో చూడండి. కదలని స్టార్టర్ తాడు ప్లగ్గు తీయగానే కదిలి, ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మిందంటే లోపల పెట్రోలు నిండిపోయిందంతే. ఆరనిచ్చి, ప్లగ్గు తుడిచి బిగిస్తే చాలు. ప్లగ్గు ఉన్నా తాడు ఏ బిగువూ లేకుండా వచ్చేస్తుంటే మాత్రం కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బిగువు) పోయినట్టే.

అప్పుడు సైలెన్సర్ విప్పండి. చాలా మిషన్లకు రెండు బోల్టులే. ఆ కంతలోంచి ఫోన్ లైటు వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్‌ను చూడండి. తర్వాత కార్బ్యురేటర్ తీసి అటువైపు నుంచి కూడా చూడాలి. చాలామంది మెకానిక్‌లు ఈ రెండోది చూడరు. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

సైలెన్సర్ వైపు మాత్రమే గీతలు పడి, కార్బ్యురేటర్ వైపు నున్నగా ఉంటే ఇంజిను వేడెక్కి పోయింది. బ్లాకు రెక్కల మధ్య గడ్డి పొట్టు పేరుకున్నా ఇలాగే అవుతుంది, లోపలికి దొంగగాలి వెళ్లినా అవుతుంది. గాలి దూరేది క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్ దగ్గరో, కార్బ్యురేటర్ గాస్కెట్ దగ్గరో. ఆగిపోయే ముందు రోజుల్లో రేసు వదిలేసినా ఇంజిను స్పీడు వెంటనే దిగేది కాదా? అయితే అనుమానం సీల్ మీదే పెట్టుకోండి.

రెండు వైపులా గీతలు పడి, అల్యూమినియం పూసినట్టు అంటుకుని ఉంటే ఆయిల్ అందలేదు. ఈ మిషన్లు చాలావరకు టూ స్ట్రోక్‌వి, పెట్రోలులో టూటీ ఆయిల్ కలిపి పోయాలి. ఎవరో ఉత్త పెట్రోలు పోసి ఉండాలి. కొన్నిసార్లు ఎవరి తప్పూ ఉండదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది. మూత సరిగా లేని డబ్బా వానలో ఉండిపోతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. టూటీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఆ అడుగుది ట్యాంకులో పడితే ఇంజినుకు ఆయిల్ లేనట్టే. మన దగ్గర వానాకాలంలో కలిపి నిలవ ఉంచిన పెట్రోలును నేను నమ్మను.

కార్బ్యురేటర్ వైపు పిస్టన్ మెరుపు పోయి, మసకగా అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందన్నమాట. ఎండాకాలంలో చెరువు గట్ల మీద నడిచే మిషన్లకు ఇది మామూలే.

పిస్టన్, రింగు మాత్రమే మార్చడం చవక. బ్లాకు లోపల గోరుతో గీరితే ఎక్కడా తగలకపోతేనే అది మేలు. అల్యూమినియం అంటుకుని ఉంటే, నికెల్ పూత బ్లాకుల్లో బాత్రూము కడిగే యాసిడ్‌ను దూదితో అద్ది కరిగించేవాళ్లున్నారు. కంతల అంచులకు తగిలితే బ్లాకునే తినేస్తుంది కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. క్రోమ్ పూత ఉన్నదైతే ఆ ఊసే వద్దు, యాసిడ్ పూతను కూడా తినేస్తుంది. ఇక బైకుకు లాగా లేత్ షాపులో బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయిస్తామంటే ఒప్పుకోకండి. ఈ బ్లాకులు అల్యూమినియంవి, లోపల ఉండేది పలచని పూత. బోరు కొడితే అది పోతుంది. అల్యూమినియం మీద అల్యూమినియం రుద్దుకుంటే మళ్లీ పట్టేయడం ఖాయం.

నా ఓటు బ్లాక్ కిట్‌కే, రెండు ఆయిల్ సీల్స్, గాస్కెట్లతో కలిపి. ఇంజిను ఎలాగూ విప్పారు, సీల్స్ ఖర్చు ఎంతని! చైనా రకాలకు కిట్లు సులువుగా దొరుకుతాయి. 43 సీసీకి 40 మిల్లీమీటర్ల బోరు (బ్లాకు లోపలి వెడల్పు), 52 సీసీకి 44 బోరు అని అడగండి. ఆయిల్ పాళ్లు మాత్రం మిషను పుస్తకంలో చూసుకోవాలి. స్టిల్ కంపెనీ వాళ్లు తమ ఆయిలుతో లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలంటారు, చైనా మిషన్లలో చాలావాటికి 40 పోయాలి. ఒకదాని కొలత ఇంకోదానికి వాడి ఇంజిన్లు పోగొట్టుకున్న తోటలు తక్కువేం కాదు.

కనెక్టింగ్ రాడ్డు పైకీ కిందికీ ఆడుతుంటే, క్రాంకు బేరింగు గరగరమంటుంటే కిట్ కూడా దండగే. అప్పుడు మిషను మార్చేయండి.

మార్చేటప్పుడు ఫోర్ స్ట్రోక్ తీసుకోవాలా అంటే, మిషను రోజుకో కూలీ చేతిలో పడేచోట తీసుకోవచ్చు, మిక్సింగు గొడవ ఉండదు. కానీ హోండా జీఎక్స్35 అనే ఫోర్ స్ట్రోక్ ఇంజినులో పట్టేదే 100 మిల్లీలీటర్ల ఆయిల్. అది తగ్గిందో లేదో పొద్దున్నే చూసే మనిషి లేకపోతే దానికీ ఇదే గతి. బ్యాటరీవి ఇంటి పెరడుకు సరే, ఎకరాల కొద్దీ గట్లకు కాదు.