షటిలా, పరుగా? పదేళ్లు కుర్చీలో గడిచిన కాళ్లకు ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగువాళ్లలో ముప్పై అయిదు దాటినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కాలేజీతో ఆటలు ఆగిపోయాయి, ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే షటిల్ మంచిదా, పరుగు మంచిదా? బరువుకీ షుగరుకీ నిద్రకీ రెండూ మేలే చేస్తాయి, అక్కడ తేడా వెతకక్కర్లేదు. చూడాల్సింది ఒక్కటే: మోతాదు ఎవరి చేతిలో ఉంది?

పరుగులో అది మీ చేతిలోనే ఉంటుంది. ఆయాసం వస్తే నడుస్తారు, పిక్క పట్టేస్తే ఇంటికెళ్తారు. షటిల్‌లో ఎదుటివాడి చేతిలో ఉంటుంది. వాడు నెట్ దగ్గర డ్రాప్ వేస్తే ముందుకు దూకాలి, మరుక్షణం తల మీదుగా లేపితే వెనక గీత దాకా పరిగెత్తాలి. నెట్ నుంచి ఆ గీత 6.7 మీటర్లు. వెనక్కి వెళ్తూ ఎగిరి కొట్టి, దిగిన కాలితోనే మళ్లీ ముందుకు తోసుకునే క్షణంలో శరీరం బరువుకి ఎన్నో రెట్ల భారం మడమ వెనక నరం మీద, అంటే పిక్క కండని మడమకి కలిపే అకిలిస్ టెండన్ మీద పడుతుంది. అది తెగినవాళ్లు చాలామంది ఒకటే మాట చెప్తారు: టప్‌మని శబ్దం వచ్చింది, వెనక నుంచి ఎవరో తన్నారనుకున్నాను, తిరిగి చూస్తే ఎవరూ లేరు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. గుండె, ఊపిరి, కండ కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. మనం నరం అని పిలిచే ఆ గట్టి తాడుకి మాత్రం నెలలు పడుతుంది. అందుకే మొదటి రోజు కంటే రెండో నెల ప్రమాదం. దమ్ము వచ్చేసిందని స్మాష్‌లకి ఎగురుతారు, కింద తాడు ఇంకా పాతదే.

దీనికి తోడు, పరుగు బూట్లతో కోర్టులోకి దిగుతారు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకి అడుగేయగానే చీలమండ మడత పడుతుంది. గమ్ సోల్ (పట్టు ఉండే రబ్బరు అడుగు) ఉన్న, నేల మీద మరకలు పడని నాన్ మార్కింగ్ బూట్లే కావాలి. సిమెంటు మీద పలచటి మ్యాట్ పరిచిన కోర్టు కంటే చెక్క మీద మ్యాట్ ఉన్నది మోకాళ్లకి హాయి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, గాలి పలచన, కాక్ వేగంగా పోతుంది. నైలాన్ కాక్ అయితే నెమ్మదిగా వెళ్లే ఆకుపచ్చ పట్టీది తీసుకుంటే పరుగులు కొంచెం తగ్గుతాయి. రాకెట్ తీగ బిగింపు 22–24 పౌండ్లు చాలు, ఎక్కువైతే మోచేయి నొస్తుంది.

షటిల్‌కి ఉన్న బలం పరుగుకి లేదు, అదీ ఒప్పుకోవాలి. ఉదయం ఆరింటికి కోర్టు దగ్గర ముగ్గురు ఎదురుచూస్తుంటే దుప్పటి తన్ని లేస్తాం. పైగా 1980లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన ప్రకాశ్ పదుకొణెది ఈ ఊరు, 2001లో గెలిచిన పుల్లెల గోపీచంద్ మనవాడు. మనసు కోర్టు వైపు లాగడం సహజమే. ఒంటరి పరుగు మూడో వారానికి విసుగొస్తుంది. అదీగాక ఊరి ఫుట్‌పాత్ మీద కాళ్లు విరగ్గొట్టుకోవచ్చు. కైకొండ్రహళ్లి చెరువు గట్టు, కబ్బన్ పార్క్, లాల్‌బాగ్‌ల్లో పరిగెత్తడం మేలు.

ఈత మోకాళ్లకి చాలా మంచిది, కాకపోతే ఎముకకి కావలసిన బరువు తగలదు. ఆదివారం క్రికెట్‌ని వ్యాయామంగా లెక్కపెట్టొద్దు. అరగంట నిలబడి ఒక్కసారిగా బంతి వెంట ఉరికితే తొడ వెనక కండ పట్టేస్తుంది.

నా ఓటు మొదట పరుగుకే, ఎనిమిది వారాలు. వారానికి మూడు రోజులు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిది సార్లు. మాట తడబడకుండా మాట్లాడగలిగే వేగం చాలు. ప్రతి వారం పరుగు అర నిమిషం పెంచి, నడక కొంచెం తగ్గించండి. రోజూ మెట్టు అంచున ముని కాళ్ల మీద నిలబడి మడమలని నెమ్మదిగా కిందికి దించండి, పదిహేను చొప్పున మూడు సార్లు. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందే డాక్టరుని కలవాలి.

తొమ్మిదో వారం నుంచి రెండు రోజులు డబుల్స్, ఒక రోజు పరుగు. సింగిల్స్ మరో మూడు నెలల తర్వాతే. ఏ ఉదయమైనా మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ వెనక బిగుసుకుని నొస్తే, ఆ రోజు మీ బదులు వేరే ఒకరిని పిలవమని గ్రూపులో మెసేజ్ పెట్టండి.